డోర్నకల్ బిషప్ అజరయ్య తెల్లదొరల మనిషేనా?

జంక్షన్: నిన్న ఒక సభలో ఎవరో వి.ఎస్. అజరయ్యను తెల్లదొరల మనిషి అన్నారు. 1912లో కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, తొలి భారతీయ బిషప్ అయినవాడు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ పీఠంలోనే ఉన్నాడు. ఆ మాట న్యాయమేనా?

మానుకోట: ముందు ఒక సంగతి. ఆయన తమిళుడు. పుట్టింది తిరునెల్వేలి వైపు. మనలో ఒక్కడూ దొరకలేదా?

పాతబడి: అడిగింది పుట్టిన ఊరు కాదండీ. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి, మీరు ఎంతో ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని కుండబద్దలు కొట్టాడు. దొరల మనిషి అలా మాట్లాడతాడా? 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్ చూడండి. గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయాన్ని తలపిస్తాయి.

మానుకోట: గుమ్మటాల గురించి నేను అడగలేదు. తమిళుడా, కాదా?

గోధూళి: తమిళుడే. అయితే ఏమిటి?

పాతబడి: 1909లో మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు, అది లెక్కలోకి రాదా? క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. మతమార్పిడి విషయంలో గాంధీతోనూ విభేదించాడు. చదవకుండా రాసేవాళ్లతో ఇదే తంటా.

మానుకోట: చదవలేదా నేను? మా ముత్తాత ఊళ్లో ఉపదేశి. జీతం ఏనాడూ వేళకు అందలేదు. మాలపల్లెలో రాత్రిబడి నడిపి, పాటలు నేర్పి సంఘాన్ని నిలబెట్టింది ఆయన. మోతుబరి పాక ఖాళీ చేయిస్తే చింతచెట్టు కింద ప్రార్థన పెట్టాడు. దాతృత్వం మీద పుస్తకం రాసింది బిషప్. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘం కుండలో వేసింది మా నాయనమ్మ. గోడ మీద ఫోటో ఎవరిది?

పాతబడి: ఇదా సంగతి! మొదటే చెప్పి ఉంటే తమిళం జోలికి వెళ్లేవాళ్లమే కాదు. అయినా ఆయనా పల్లెటూరి పాదిరి కొడుకే, నాడార్ కులస్థుడే. మీ ముత్తాత కష్టం ఆయనకు తెలియదంటారా?

మానుకోట: తెలిసే ఉంటుంది. నా బాధ ఆయనతో కాదు. అంతా ఆయన ఒక్కడే చేసినట్టు రాసే మీలాంటివాళ్లతో.

జంక్షన్: నేను అడిగిన ప్రశ్నకు...

గోధూళి: మానుకోట గారూ, ఆ బియ్యం కుండ ఇంకా ఉందా?

మానుకోట: ఉంది. చింతపండు పెట్టుకున్నాం.