వశిష్ఠ తిప్ప మీద రెండు రాత్రుల గాలం వేట: ఎనిమిది మందికి వంట ఏర్పాట్లు

రేవుగట్టు:
అందరికీ నమస్కారమండి. సంక్రాంతి అయ్యాక నరసాపురం దిగువన గోదావరి పాయ వశిష్ఠలో ఒక ఇసక తిప్ప మీద గాలం వేటకి వెళ్తున్నాం. ఎనిమిది మందిమి. శనివారం పొద్దున్నే పడవెక్కి వెళ్ళి, సోమవారం టిఫిన్ చేశాక తిరిగొస్తాం. అక్కడ కొట్టు లేదు, కరెంటు లేదు, మంచినీళ్ళు అంతకన్నా లేవు. బియ్యం, పప్పు ఎంతెంత కట్టుకోవాలి? గ్యాసు మంచిదా, కట్టెలా? ఏటి నీళ్ళు కాచి వాడుకోవచ్చా? చేపలు పడితే సరే, పడకపోతే ఏం తింటాం అన్నదే పెద్ద బెంగ. అనుభవం ఉన్నవాళ్ళు లెక్కలతో చెబితే మేలు.

పడవసరంగు:
ముందు నీళ్ళ సంగతి. జనవరికి ధవళేశ్వరం ఆనకట్ట దిగువకి వచ్చే నీళ్ళు తగ్గిపోతాయి. సముద్రపు పోటు తగిలితే ఉప్పునీరు పైకి ఎక్కేస్తుంది. కాచినా ఉప్పు పోదు కదండీ, క్రిములే చస్తాయి. కాబట్టి ఆ నీళ్ళు గిన్నెలు తోముకోడానికి, చేప కడగడానికి, బియ్యం మొదటి కడుగుకి మాత్రమే. అందులో పప్పు పోసి ఉడకబెడితే కట్టెలన్నీ అయిపోయినా గింజ నలగదు.

తాగడానికి చలికాలం కాబట్టి మనిషికి రోజుకి మూడు లీటర్లు చాలు. వంటకి రోజుకి పదిహేను లీటర్లు పెట్టుకోండి. మొత్తం మీద 20 లీటర్ల టిన్నులు ఐదు. ఒకటి సోమవారం దాకా మూత తీయకండి. పడవ ఆలస్యమైతే అదే ఆధారం. వరదల కాలంలో పైనున్న లంకల్లో అయితే వేరు. అక్కడ నీళ్ళు తియ్యగానే ఉంటాయి గాని బురద. పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పి, తేరాక పైనీళ్ళు వంచుకుని, తెర్లేలా కాచి తాగాలి.

ఇక తిండి. ఒక్క చేప కూడా పడదనుకునే సరుకు కట్టండి. శనివారం మధ్యాహ్నానికి ఇంటి దగ్గరే పులిహోర కలిపి అరటాకుల్లో పొట్లాలు కట్టేస్తే తిప్ప మీద దిగగానే పొయ్యి వెతుక్కునే పని ఉండదు. ఆ రాత్రి అన్నం, టమాటా పప్పు, ఆవకాయ. ఆదివారం పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రి కోడిగుడ్ల కూర. సోమవారం ఉప్మా. చేప పడని పక్షంలో ఎండు నెత్తళ్ళు పావుకిలో, వంకాయలు కిలో ఉంటే ఆదివారం గడిచిపోతుంది. నెత్తళ్ళని పొడి మూకుట్లో వేయించి, తలలు తుంచి, ఏటి నీళ్ళలో రెండుసార్లు కడిగి ఇసక పోగొట్టాక వేయండి. కూరలో ఉప్పు చివర రుచి చూసి వేసుకోవాలి, ఎండుచేపే సగం ఉప్పు.

బియ్యం పూటకి మనిషికి 175 గ్రాములు, అంటే 1.4 కిలోలు. మూడు పూటలు, చద్దన్నానికి అదనం కలిపి ఆరు కిలోలు. కందిపప్పు వద్దు, కుక్కరు లేకపోతే గంట పడుతుంది. పెసరపప్పు 400 గ్రాములు ఇంట్లోనే దోరగా వేయించి తెచ్చుకుంటే ఇరవై ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది. రవ్వ 800 గ్రాములు, అదీ వేయించే తేవాలి. గుడ్లు ఇరవై. బియ్యం సంచిలో గుచ్చి పెడితే పడవ కుదుపుకి పగలవు. ఉడకబెట్టి మాత్రం తేకండి, పచ్చివే నిలవుంటాయి.

గాడిపొయ్యి:
తిప్ప మీద మూడు రాళ్ళు పెడదామన్నా రాయి దొరకదు. ఇటుకలు మోసుకెళ్ళే బదులు గాడి తవ్వండి. అడుగు లోతు, మూడడుగుల పొడవు, వెడల్పు మాత్రం మీ దబరా అడుగు కన్నా నాలుగు వేళ్ళు తక్కువ. ఉత్త ఇసకలో తవ్వితే అంచులు జారి గిన్నె ఒరిగిపోతుంది. ఒండ్రు ఉన్న చోట తవ్వండి, లేదా అంచులకి తడి ఒండ్రు మెత్తి, రెండు ఇనప ఊచలు అడ్డంగా వేసి గిన్నె వాటి మీద పెట్టండి. పోటుకి కొట్టుకొచ్చిన చెత్త గీత ఒడ్డున కనిపిస్తుంది. దానికి బాగా పైన తవ్వాలి. లేకపోతే పోటు వేళకి అడుగున ఊట ఊరి నిప్పు చచ్చిపోతుంది. మీ రోజులు అమావాస్యకో పున్నమికో దగ్గరైతే ఇంకాస్త పైకి జరగండి.

గాడి నోరు గాలి వచ్చే వైపు ఉండాలి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి, తెల్లారగట్ల నేల మీది గాలి. అందుకే రెండు చివర్లా నోరు తెరిచి, అవసరం లేని వైపు తడి గోనెతో మూసుకోండి. గాలి ఎక్కువైతే మంట గిన్నె కిందినుంచి బయటికి పోతుంది. అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది.

కట్టెలు సరుగుడు మేలు, బాగా ఆరినవి ఇరవై ఐదు కిలోలు. అంటించడానికి కొబ్బరి పీచు, డొక్కలు. రాత్రి మంచుకి తడిసిన కట్టె పొగ తప్ప మంట ఇవ్వదు, పట్టా కప్పి పెట్టండి.

అన్నం అత్తెసరు పెట్టండి. గంజి వారిస్తే పని తేలిక, కానీ 1.4 కిలోలకి ఎనిమిది లీటర్ల నీళ్ళు కావాలి. అత్తెసరుకి నాలుగు చాలు, పాత బియ్యమైతే అరలీటరు ఎక్కువ. కడిగిన బియ్యం ఇరవై నిమిషాలు నాననిచ్చి, ఎసరు తెర్లాక పోయండి. నీళ్ళు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు పడగానే కట్టెలన్నీ బయటికి లాగేయాలి. నిప్పులే మిగలాలి. మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసి పావుగంట వదిలేయండి, మధ్యలో మూత తీయొద్దు. పలుకు మిగిలితే గ్లాసుడు వేణ్ణీళ్ళు చల్లి, తడిగుడ్డ కప్పి మూత పెడితే సర్దుకుంటుంది. చన్నీళ్ళు పోస్తే పైన జావ, లోపల పలుకు.

ఇంకొకటి. పొయ్యి మీద పెట్టే ముందు గిన్నెల బయట పల్చగా మట్టి పూయండి. మసి మట్టితో పాటే ఊడొస్తుంది, ఉన్న నీళ్ళు తోముడుకి పోవు.

రేవుగట్టు:
చాలా సంతోషమండి. ఐదు కిలోల గ్యాసు బండ ఒకటి ఉంది, అదీ పట్టుకెళ్తే దండగా? పెద్ద దబరా అల్యూమినియంది, అందులో పులుసు పెట్టొచ్చా?

పులుసుముక్క:
బండ పట్టుకెళ్ళండి. తెల్లారగట్ల టీకి, ఉప్మాకి కట్టెల పొయ్యి రాజేసేసరికి చేపలు ఎర తినే వేళ దాటిపోతుంది. గంటకి 200 గ్రాములు లెక్కేసినా సగం బండ కూడా అవదు. చుట్టూ రేకు అడ్డం లేకపోతే మాత్రం గాలికి సెగ అంతా పోతుంది.

పులుసు అల్యూమినియంలో వద్దు. చింతపండు పులుపు లోహాన్ని తింటుంది, రాత్రంతా ఉంటే రుచి మారిపోతుంది. మట్టి దాక ఉంటే అంతకు మించింది లేదు, పడవలో పగులుతుందనుకుంటే మందపాటి స్టీలు గిన్నె. వెడల్పుగా ఉండాలి, ముక్కలు ఒకటే వరసలో పడాలి.

ఆ నీళ్ళలో కొయ్యింగలు, జెల్లలు, అదృష్టం బాగుంటే పండుగప్ప. జెల్లకి గాలం తీసే ముందే పక్క ముళ్ళు, వీపు ముల్లు కటింగ్ ప్లేయరుతో విరిచేయండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. చేపని కడుపు కోసి పేగులు, లోపలి నల్లపొర తీసేయాలి. ఆ పొర వదిలేస్తే పులుసు చేదెక్కుతుంది. కల్లుప్పు, పసుపు, నిమ్మకాయ పిండి బాగా రుద్ది, పది నిమిషాలాగి కడిగితే బురద వాసన, జిగురు పోతాయి. ఆఖరి కడుగు మంచినీళ్ళతో.

శుభ్రం చేసిన ముక్కలు రెండు కిలోలైతే ఉల్లిపాయలు అరకిలో, నూనె 150 గ్రాములు, కారం 50 గ్రాములు, చింతపండు 80 గ్రాములు, పచ్చిమిరపకాయలు పది. మసాలా అక్కడ నూరుకోలేరు గదా. ధనియాలు, జీలకర్ర, కొద్దిగా మెంతులు వేయించి పొడి కొట్టి, వెల్లుల్లి పాయలతో పాటు ఇంటి దగ్గరే పొట్లం కట్టండి. చింతపండు నానబెట్టుకోండి. ఉల్లిపాయ ఎర్రబడే దాకా వేయించి, మంట తగ్గించి కారం, పసుపు వేయండి. కట్టెల మంట మీద కారం క్షణంలో మాడుతుంది, కారంతో పాటే రెండు గరిటెల నీళ్ళు పోయడం మంచిది. తర్వాత చింతపండు పులుసు, లీటరుంపావు నీళ్ళు, ఉప్పు. పది నిమిషాలు తెర్లి నూనె తేలాక ముక్కలు వేయండి. అప్పటినుంచి గరిటె పెట్టకూడదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పడమే. పన్నెండు, పదిహేను నిమిషాలకి దించి, గంట ఊరనివ్వండి. రాత్రికి మిగిలితే ఒకసారి బాగా తెర్లనిచ్చి మూత పెట్టండి, పొద్దున మళ్ళీ తెర్లనిచ్చి తినండి.

చద్దన్నానికి కూడా ఒక మాట: మిగిలిన అన్నం ముద్దగా వదిలేయకుండా పళ్ళెంలో ఆరబోసి, చల్లారగానే మునిగేదాకా మంచినీళ్ళు పోసి మూత పెట్టండి. పొద్దున పుల్లటి వాసనొస్తే బాగున్నట్టు. జిగురు సాగినా కుళ్ళు వాసన కొట్టినా పారబోయండి, పచ్చిమిరపకాయతో సర్దుకుపోవద్దు.

మడతోట:
కట్టెలు మోయలేక అక్కడే కొట్టుకుందామనుకుంటారేమో, మడ చెట్ల జోలికి వెళ్ళకండి. ముఖ్యంగా తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, పొగ కూడా కళ్ళు మండిస్తుంది. కాకినాడ వైపు కోరింగ మడ అడవిలో అయితే అసలు పొయ్యే వెలిగించకూడదు, అది అభయారణ్యం. తిప్పల మీద వాలే పిట్టల్ని కూర కోసం కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎక్కడైనా సరే.

చేప పేగులు, ముళ్ళు మకాం పక్కన పారేస్తే రాత్రికి కుక్కలు, నక్కలు చేరి బియ్యం సంచి కూడా లాగేస్తాయి. నీళ్ళు సముద్రం వైపు లాగే పాటు వేళ ఏటి మధ్యలో వదిలితే కిందికి పోతాయి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఖాళీ టిన్నులో కుక్కి వెనక్కి తెచ్చేయండి. వచ్చే ముందు గాడిలో నీళ్ళు పోసి, చేత్తో తాకి చల్లారిందని చూసుకున్నాకే పూడ్చండి. పైన ఇసక కప్పేసిన నిప్పు గంటల తరబడి లోపల రగులుతూనే ఉంటుంది, ఒట్టికాళ్ళతో తొక్కేవాళ్ళుంటారు.