అప్‌డేట్: అమ్మ మళ్లీ గడప దాటింది

2021 నవంబరు వరదల్లో నాయన పోయాక అమ్మ గుడికి కూడా రావడం లేదని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. ఓపిగ్గా సమాధానం చెప్పిన అందరికీ దండాలు.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లమన్న మాట మంచిదైంది. డిప్రెషన్ అని చెప్పి మందులు రాశారు. రెండు నెలలకు నిద్ర పట్టింది. శాంతి పూజ, వాకిలి మార్చడం వల్ల మాత్రం ఏమీ తేడా రాలేదు, డబ్బులు పోయాయి. అవి ఎవరూ చేయించకండి.

అసలు మార్పు శ్రీవారి సేవతో, అంటే తిరుమలలో భక్తుల కోసం జీతం లేకుండా చేసే సేవతో వచ్చింది. "బొట్టు లేనిదాన్ని, నేనెందుకమ్మా" అంటూనే పేరు ఇచ్చింది. కొండమీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూరగాయలు తరిగే పని పడింది. అక్కడ ఆడవాళ్లందరికీ ఒకటే నారింజ రంగు చీర. ఎవరికి భర్త ఉన్నాడో, ఎవరికి లేడో ఎవరూ అడగరు. మూడో రోజు ఫోన్ చేస్తే, "ఉండవే, గుమ్మడికాయలు ఇంకా చానా ఉన్నాయి" అని పెట్టేసింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ భవనానికి పేరు పెట్టిన వెంగమాంబ వెంకన్న భక్తురాలు, కవయిత్రి, మన సీమ ఆడబిడ్డే. బాల్యంలోనే భర్త పోయినా బొట్టు, గాజులు తీయనని నిలబడింది. ఇప్పటికీ రాత్రి గుడి మూసే ముందు చేసే స్వామి ఏకాంత సేవలో ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. ఆ కథ అమ్మే నాకు చెప్పింది, దిగి వచ్చిన రాత్రి. మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి చిన్న కుంకుమ బొట్టు పెట్టుకుంది.

ఇప్పుడు శుక్రవారం శుక్రవారం తిరుచానూరుకు ఒక్కతే బస్సెక్కి వెళ్తోంది.