తూగే తీగా, ఊగే తీగా?

కావలి శ్రోత: చిన్నప్పుడు మా ఊళ్లో పద్యనాటకం ఆడినప్పుడల్లా మైకుసెట్టు పెద్దాయన ఒక మాట అనేవాడు. 'తూగే తీగకు రొద లేదు...' ఆ తర్వాత సగం ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఎవరైనా విన్నారా?

ఒంగోలు మాస్టారు: 'ఊగే' అయ్యుంటుంది. తీగ ఊగుద్ది గానీ తూగుద్దా?

నెల్లూరు మైకు: ఊగే తీగకే రొద ఎక్కువ మాస్టారూ! స్టేజీ మీద పాత వైరు కాస్త కదిలినా స్పీకర్లో బరబరమంటది. 'తూగే'నే రైటు. మైకు నుంచి వచ్చే బ్యాలెన్స్‌డ్ లైను కేబులు సంగతి అది. లోపల రెండు తీగలు, పైన షీల్డు, అంటే లోహపు తొడుగు. పక్కనున్న కరెంటు వైర్ల నుంచి 50 హెర్ట్జ్ గుయ్‌మనేది రెండు తీగల్లోకీ ఒకేలా ఎక్కుద్ది. మైకు గొంతును ముందుగా పెంచే ప్రీయాంప్ పట్టించుకునేది రెండింటి తేడానే, కాబట్టి ఆ గుయ్ అక్కడే పోద్ది. మైకు ఇచ్చేది మిల్లీవోల్టుల్లో. ప్రీయాంప్ దాన్ని ఒక్కోసారి వెయ్యి రెట్లు పెంచాలి. అన్‌బ్యాలెన్స్‌డ్‌లో గొంతు మోసేది ఒకటే తీగ, తిరుగుదారి షీల్డే. దాంట్లో ఎక్కిన రొదా వెయ్యి రెట్లయి కూర్చుంటది.

ఒంగోలు మాస్టారు: అట్టయితే 'ఎదురు తీగ' అనాలి. ఒకదాంట్లో గొంతు, రెండోదాంట్లో అదే గొంతు తలకిందులుగా. ఇందులో తూకం యాడుంది?

నెల్లూరు మైకు: అందరూ పొరబడేది ఇక్కడే. ఎదురు గొంతు ఉండి తీరాలని లేదు. రెండో తీగలో అసలు గొంతే లేకపోయినా, రెండు తీగలకీ గ్రౌండుతో ఇంపిడెన్స్, అంటే కరెంటుకు తగిలే అడ్డు, సమానమైతే అది బ్యాలెన్స్‌డే. ఆ సమానం తప్పిందా, రొద ఒకదాంట్లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ అయ్యి, ఆ తేడా గొంతులో కలిసిపోద్ది. కొన్ని మైకులు నడవడానికి అదే కేబుల్లో పంపే ఫాంటమ్ 48 వోల్టులు కూడా చెరొక 6.8 కిలో ఓమ్ రెసిస్టరు గుండా రెండు తీగలకీ సమంగానే పోతాయి. సరితూగు, తులతూగు అంటామే, ఆ తూగే ఇది.

అద్దంకి అక్క: పద్యానికి తూగుందా అని కూడా అడుగుతాం కదా. నాటకం దగ్గర అన్నాడంటే ఆ శ్లేష ఊరికే పడలేదు.

నెల్లూరు మైకు: తూగంటే మా తిక్కనదక్కా. హరిని, హరుని ఇద్దరినీ సరితూచి హరిహరనాథుణ్ణి చేశాడు. బ్యాలెన్స్ అంటే అదీ!

అద్దంకి అక్క: సమానమైనవాటి తేడా తీస్తే సున్నా మిగులుద్దని నువ్వే అన్నావు, చూసుకో. సగంలో ఆగినదాన్ని పూరించాలంటే మా ఎర్రనే రావాలి. అరణ్యపర్వశేషం ఎవరు రాశారు?

నెల్లూరు మైకు: 2022లో ఎర్రన ఊరు గుడ్లూరు మా జిల్లాలోకి వచ్చిందక్కా. ఆ లెక్కన ఎర్రనా మావాడే.

కావలి శ్రోత: బాబూ, నా రెండో సగం?

ఒంగోలు మాస్టారు: ఉండబ్బా. ముందు అది 'రొద'నా, 'సొద'నా?