క్రీడాభిరామం కర్త ఎవరో కంప్యూటర్ చెబితే అది తెలుగు పీహెచ్‌డీ అవుతుందా?

హనుమకొండ పిల్ల: అందరికీ నమస్తే. ఎం.ఏ. తెలుగు అయిపోయింది, పీహెచ్‌డీ చేసేటోళ్లకు ఇచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. పైథాన్ సొంతంగా కొంచెం నేర్చుకున్న. మా ఓరుగల్లు వీధుల్ని కళ్లకు కట్టే పాత కావ్యం క్రీడాభిరామం మీద వినుకొండ వల్లభరాయుడి పేరుంది. కాదు, అది శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పెద్దలు వాదించిన్రు. ఈ తగువును స్టైలోమెట్రీతో, అంటే ఏ కవి ఏ మాట ఎన్నిసార్లు వాడిండో లెక్కగట్టి, తేల్చాలని నా సినాప్సిస్. గైడ్‌గా ఉండమని అడిగితే ఒక సారు "ఇది కంప్యూటర్ వాళ్ల పనమ్మా" అన్నరు. కంప్యూటర్ వాళ్లేమో "ఇందులో కొత్త అల్గారిథమ్ ఏముంది?" అన్నరు. ఎటు పోవాలె?

రిటైర్డ్ మాస్టారు: ఆ సారు అన్నదాంట్లో తప్పేమీ లేదమ్మా. యతిస్థానంలో పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరమే పడాలి, ప్రాస ఉన్న పద్యమైతే రెండో అక్షరం కూడా కవి చేతిలో ఉండదు. మనసుపడి వాడిన మాట ఏదో, యతి కోసం తెచ్చుకున్న మాట ఏదో నీ లెక్కకెలా తెలుస్తుంది? శ్రీనాథుడి సీసం నడక చదివితే చెవికి తెలిసిపోతుంది. చెవి లేనివాళ్లకే ఈ లెక్కలు.

ల్యాబ్ మనిషి: మాస్టారూ, ఒకరి చెవి శ్రీనాథుడంటుంది, ఇంకొకరి చెవి వల్లభరాయుడంటుంది. ఏ చెవిని నమ్మమంటారు? అమెరికాలో ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 12 హామిల్టన్‌వా, మేడిసన్‌వా అని ఇలాగే కొట్టుకున్నారు. 1964లో మోస్టెలర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 'అపాన్' లాంటి చిన్నచిన్న మాటలు లెక్కపెట్టి మేడిసన్ వైపు తేల్చారు. పెద్ద మాటల్ని అనుకరించొచ్చు. చిన్న మాటలు మాత్రం రాసేవాడికి తెలియకుండానే పడిపోతాయి.

మూడేళ్ల బాధితుడు: అన్నా, అక్కడ మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంది! మన పద్యంలో ఆ చిన్న మాటలు సంధిలో కరిగిపోతాయి, లేదా విభక్తులై ముందు పదానికి అతుక్కుపోతాయి. మాట పాదం చివర సగంలో తెగి కింది పాదంలో పూర్తవుతుంది, మిషనేమో రెండు మాటలనుకుంటుంది.

చెల్లీ, నా అనుభవం చెబుతా విను. నాదీ ఇలాంటి టాపిక్కే, కావ్యం వేరు. స్కాన్ పుస్తకాల్ని ఓసీఆర్‌కి, అంటే బొమ్మలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్‌కి, ఇస్తే 'మ' అన్నచోటల్లా 'వు' వచ్చింది. మనుజుడు కాస్తా వునుజుడయ్యాడు. అరసున్న కొన్నిచోట్ల ఇంగ్లీషు 'సీ' అయింది, కొన్నిచోట్ల బ్రాకెట్టయింది, మిగతాచోట్ల మాయమే. మూడేళ్లు కూర్చుని దిద్దా. థీసిస్ పేరు చూస్తే ఘనంగా ఉంటుంది, చేసింది మాత్రం ప్రూఫ్‌రీడింగ్. ఆ దిద్దిన పాఠానికేమో, అంటే కావ్యం అసలు మాటలకేమో, ఒక్క మార్కు లేదు, చివర్లో పెట్టిన నాలుగు గ్రాఫుల మీదే వైవా అంతా నడిచింది.

నన్నడిగితే ఆ పాఠమే అసలు పరిశోధన. జాదవ్‌పూర్ యూనివర్సిటీ వాళ్లు 2013లో టాగోర్ రచనలకు 'బిచిత్ర' కట్టారు. రాతప్రతులు, ముద్రణలు అన్నీ పెట్టి, ఏ పాఠానికీ ఏ పాఠానికీ తేడా ఎక్కడుందో చూపించే 'ప్రభేద్' అనే ప్రోగ్రామ్ కూడా రాసుకున్నారు. అది సాహిత్యం పని కాదని ఎవరైనా అనగలరా?

ఉద్యోగం వేటలో: మీరంతా శ్రీనాథుడి కాలంలో ఉన్నారు, నేను నెలాఖరులో ఉన్నాను. జేఆర్ఎఫ్ నెలకు 37,000. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మామూలు గడువు ఆరేళ్లు, అందులో కోర్సు వర్కు కూడా కలుస్తుంది. జోధ్‌పూర్ ఐఐటీలో డిజిటల్ హ్యుమానిటీస్ (సాహిత్యం లాంటివాటిని కంప్యూటర్‌తో పరిశోధించడం) పేరుతోనే చదువు ఉంది, సరే. కానీ అక్కడ క్రీడాభిరామం చదివిన గైడ్ దొరకాలి కదా! తెలుగు లెక్చరర్ కావాలనుకుంటే పట్టా మీద తెలుగు అనే ఉండాలి. తెలుగు శాఖలోనే చేరు, కంప్యూటర్ మనిషిని కో-గైడ్‌గా పెట్టుకో.

ల్యాబ్ మనిషి: కో-గైడ్ మాట బాగుంది. కాకపోతే ఇద్దరూ ఒకే అధ్యాయాన్ని చదివేలా ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే ఆయన దిద్దింది ఈయన కొట్టేస్తాడు.

రిటైర్డ్ మాస్టారు: 'చెవి లేనివాళ్లు' అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను, నోరు జారింది. పాఠభేదాల సంగతి మాత్రం నాకు నచ్చింది. అమ్మాయీ, నువ్వు ఏ ప్రతి పట్టుకుని లెక్కపెడతావు? పరిష్కర్త, అంటే ప్రతులు చూసి అచ్చుకు సిద్ధం చేసినవాడు, సవరించిన మాట కూడా శ్రీనాథుడి ఖాతాలోనో వల్లభరాయుడి ఖాతాలోనో పడిపోతుంది కదా. కర్త ఎవరన్నది తర్వాత, ముందు ఏ మాట కవిదో ఏది పరిష్కర్తదో విడదీయి. ఆ పనికైతే నేనూ సంతకం పెడతాను. లెక్కతో కర్తృత్వం తేలుతుందంటే ఇప్పటికీ ఒప్పుకోను.

హనుమకొండ పిల్ల: మాస్టారూ, అన్నా, రాత్రంతా ఆలోచించిన. సినాప్సిస్ తిరగరాస్తున్న. దొరికిన ముద్రణలన్నీ యూనికోడ్‌లోకి ఎక్కించి, పాఠభేదాలు పక్కపక్కన చూపే ప్రతి తయారుచేసుడే ముఖ్యమైన పని. స్టైలోమెట్రీకి ఒక్క అధ్యాయం. తేలకపోతే తేలలేదనే రాస్త. మొదటి ఇరవై పద్యాలు ఓసీఆర్ జోలికి పోకుండా చేత్తోనే టైపు చేస్త. మాస్టారూ, మీ దగ్గర పాత ముద్రణ ఏమన్నా ఉన్నదా? అందులో అరసున్నలు సక్కగున్నయా?

రిటైర్డ్ మాస్టారు: ఒకటుంది. అరసున్నలూ ఉన్నాయి. అయితే కొన్ని అచ్చువేసినవి, కొన్ని చెదలు పెట్టినవి. వచ్చి చూసుకో.