“మోహరమునఁ దా” – ఈ “దా” ఎక్కడిది?

కావలి (తెలుగు టీచరు):
పెద్దలందరికీ నమస్కారం. ఆరో తరగతి పిల్లలకు శతక పద్యాల పోటీకి సుమతి శతకంలోని ఈ పద్యం ఇస్తున్నాం.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బారని గుర్రము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ

ఎవరికి నేర్పినా అవే చోట్ల పట్టు తప్పుతున్నారు. “దా” దగ్గర ఠక్కున ఆగిపోయి, “నెక్కిన” అని కొత్తగా ఎత్తుకుంటారు. ‘దా అంటే ఏందిరా’ అంటే, ‘ఇట్టా దా అని పిలస్తా ఉండాడు మేడమ్’ అంటారు. తర్వాత “వరమీ” అని ఆపి “నివేల్పు” అంటారు. ఇక మోహరం అనగానే మొహర్రం అనుకుంటారు. రొట్టెల పండగ జరిగే జిల్లా కదా, వాళ్ల తప్పు లేదు. ఇంకొక సందేహం కూడా తీర్చండి: పిల్లలకిచ్చే కాగితంలో అరసున్నలు (ఁ) ఉంచాలా, తీసేయాలా?

ఒంగోలు (విశ్రాంత భాషా పండితుడు):
అమ్మా, ముందు మాటలు విడగొడదాం. “మోహరమునన్ + తాను + ఎక్కినన్ + పారని”. మోహరమునన్ చివర ఉన్న పొల్లు నకారమే ద్రుతం. దాని వెనక క చ ట త ప లు వస్తే గ జ డ ద బ లు అవుతాయి. అందుకే తాను కాస్తా దాను అయింది. దాను, ఎక్కినన్ కలిస్తే “దానెక్కిన”. ఇది కందం, రెండో పాదం గురువుతో (పొడుగు అక్షరంతో) ముగియాలి కాబట్టి “దా” దగ్గర పాదం నిండింది, “నె” కింది పాదానికి జారింది. అంటే “దా” ఒక మాట కాదు, సగం మాట. అచ్చులో పాదం విరిగిన చోట మాట కూడా విరిగిందని పిల్లలకు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

“పారని” కూడా ఇంతే. ఎక్కినన్ + పారని = ఎక్కినఁ బారని. పిల్లలు దీన్ని “భారని” అని ఒత్తి పలుకుతారు, బరువనుకుంటారేమో. కాలవ పారతా ఉంది అని మనవాళ్లు రోజూ అనే పారడమే ఇది, పరుగెత్తడం అనే అర్థంలో.

పైకి కనపడని చిక్కు “మ్రొక్కిన” దగ్గర ఉంది. అది కూడా మ్రొక్కినన్. వెనక “వరము” వచ్చింది. వ అనేది క చ ట త ప ల్లోది కాదు గనక ఏ మార్పూ లేదు, ద్రుతం జాడ లేకుండా పోయింది. దాంతో పిల్లలు “మొక్కిన వరం” అని విశేషణం చేసేస్తారు. మొక్కినా వరం ఇవ్వని వేల్పు అని అర్థం. ఎక్కినా పారని గుర్రంలో ఉన్న “ఎక్కినా”, ఈ “మొక్కినా” ఒక జాతివే. పక్కపక్కన పెట్టి చూపిస్తే వెంటనే పట్టుకుంటారు.

పొదిలి:
“ఈని” సంగతి ఎవరూ ఎత్తలేదు. పల్లెటూరి పిల్లలకి ఈనడం అంటే గేదె ఈనడమే. ‘వరం ఈనిన వేల్పు’ అని చెప్పినవాళ్లున్నారు!

ఒంగోలు (విశ్రాంత భాషా పండితుడు):
నిజమే. ఇక్కడ ఈని అంటే ఇవ్వని. రాని, పోని, కాని ఎట్టాగో ఈని అట్టాగే. మొదటి పాదంలోనే “రాని” ఉంది, దాన్ని చూపించి ఆ వరసలో చెప్పండి. మోహరానికి నిఘంటువు అక్కర్లేదు. “ఊళ్లో పోలీసు బలగాలను మోహరించారు” అని పేపర్లో వస్తూనే ఉంటుంది. మోహరించడం తెలిస్తే మోహరం తెలిసినట్టే: యుద్ధానికి తీర్చి నిలబెట్టిన సేన, ఆ యుద్ధం.

కోవూరు (ఛందస్సు):
“నివేల్పు” ఎందుకు వస్తుందో నేను చెప్తాను. తప్పు పిల్లల నోటిలో లేదు, కందం నడకలో ఉంది.

కందంలో ప్రతి గణమూ (అక్షరాల గుంపు) నాలుగు మాత్రలు. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర; పొడుగుది గురువు, రెండు మాత్రలు. మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు, మొత్తం ఎనిమిది గణాలు ఒక సగం. రెండో సగమూ అంతే. పద్యం మొత్తం 16 గణాలు, 64 మాత్రలు. ఈ ఎనిమిదింటిలో బేసి గణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు. ఆరో గణం మాత్రం జగణమో, నాలుగు లఘువుల నలమో అయి తీరాలి. రెండూ లఘువుతోనే మొదలవుతాయి. తెలుగు మాటలు ఎక్కువగా లఘువుతో ముగుస్తాయి. కాబట్టి ముందు మాట తోక ఒక్క అక్షరం తెగి ఆరో గణం నెత్తిన కూర్చుంటుంది.

చూడండి: మ్రొక్కిన – వరమీ – ని వేల్పు – మోహర – మునఁ దా. మొదటి పాదంలోని మూడూ కలుపుకుంటే ఆరోది “ని వేల్పు”. నాలుగో పాదంలో విడువం – గవలయు. ఇది ఈ ఒక్క పద్యం రోగం కాదు. “ఉపకారికి” పద్యంలో “గాదు సేయ” అన్నచోట గణం “దు సేయ”. “ఎప్పుడు సంపద” పద్యంలో “లు వత్తు”, “లు చేరు”. “బలవంతుడ” పద్యంలో చలిచీమల చే – త చిక్కి. “వినదగు” పద్యంలో అయితే నీతిపరుడినే నరికారు: పో నీ – తిపరుఁడు. పిల్లలు తాళం వేసుకుంటూ చదివితే దెబ్బ సరిగ్గా ఆ తెగిన చోట పడుతుంది. “పోనీ, తిపరుడు” అని వినపడేది అందుకే.

సంస్కృతంలో ఆర్య అనే ఛందస్సుకు ఇదే నియమంగా చెప్పారు. ఆరో గణం నాలుగు లఘువులైతే మొదటి లఘువు తర్వాత మాట విరగాలి. మన కందం ఆ కుటుంబంలోదే.

పొదిలి:
సార్, ఆరో తరగతి పిల్లల నెత్తిన జగణాలు, నలాలు రుద్దడం న్యాయమా? రాగం ఎత్తి పదిసార్లు పాడిస్తే వాళ్లే పట్టుకుంటారు. మన పెద్దవాళ్లు అట్టా నేర్చుకున్నవాళ్లే.

కోవూరు (ఛందస్సు):
గణం పేరు పిల్లలకు చెప్పమనలేదన్నా, చెప్పే టీచరుకి తెలిస్తే చాలు. రాగంతో మొదలుపెట్టడమే కొంప ముంచేది. రాగం పాదం చివర సాగుతుంది, అక్కడ ఉన్నది “దా”. దాన్ని “దాఆఆ” అని సాగదీశాక “నెక్కిన” అతకదు. నోటికి అట్టా పట్టిన పద్యాన్ని తర్వాత దిద్దడం, కొత్త పద్యం నేర్పడం కంటే కష్టం.

నేనైతే ఈ వరసలో చెప్పమంటాను. ముందు మాటల చీటీలు. సంధులు విడగొడితే ఈ పద్యంలో 17 మాటలు: అక్కరకు, రాని, చుట్టము, మ్రొక్కినన్, వరము, ఈని, వేల్పు, మోహరమునన్, తాను, ఎక్కినన్, పారని, గుర్రము, గ్రక్కున, విడువంగన్, వలయున్, కదరా, సుమతీ. వీటిని కలిపేసి పిల్లల చేత పేర్పించాలి, అదీ మామూలు మాటలాగా, రాగం లేకుండా. పద్యం వేటిని వదలమంటున్నదో అప్పుడే తేలిపోతుంది: చుట్టం, వేల్పు, గుర్రం.

తర్వాత ఊపిరి. గాలి పీల్చుకోవాల్సింది పాదాల చివర కాదు, చుట్టము తర్వాత, వేల్పు తర్వాత, గుర్రము తర్వాత. అంటే నోటితో చెప్పేటప్పుడు పద్యం ఇట్టా పడాలి:

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు
మోహరమునఁ దానెక్కినఁ బారని గుర్రము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ

లెక్కేయండి: 12, 12, 20, 20 మాత్రలు. మూడో ముక్క పొడుగు, చిన్నపిల్లలకి మధ్యలో ఊపిరి చాలదు. చాలకపోతే “మోహరమున” తర్వాత చిన్నగా ఆగనివ్వండి, “దా” తర్వాత మాత్రం వద్దు.

తాళం ఆఖర్న. ప్రతి గణానికీ చరిస్తే 16 చరుపులు, ఆరో గణం మీద దెబ్బ తప్పదు. అందుకని బేసి గణాల మీదే చరవమనండి, మొత్తం ఎనిమిది. ఈ పద్యంలో ఆ చరుపులు అక్కరకు, చుట్టము, వరమీని, మోహరమున, మళ్లీ ఎక్కిన, గుర్రము, విడువంగ, గదరా మీద పడతాయి. ప్రతిదీ మాట మొదలే. ఇంత చక్కగా అన్ని పద్యాలకూ కుదరదు. “ఉపకారికి నుపకారము”లో మూడో గణం “కారము”, చరుపు ఉపకారాన్ని చీల్చి పారేస్తుంది. దానికి తాళం మానేసి ఊపిరితోనే చెప్పించండి.

పొదిలి:
ఎనిమిది చరుపుల లెక్క బాగుంది. ‘కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు’ అని ఊరికే అనలేదు మరి. రాగం మాత్రం నేను వదలను, మూడో రోజుకి పెట్టుకుంటాను.

ఉదయగిరి:
నీతిపరుడి మాట వచ్చింది కాబట్టి “మనుజుఁడె పో” దగ్గరి “పో” గురించి. పిల్లలు దీన్ని “ఫో” అని తిట్టినట్టు అంటారు. ఇక్కడ పో అంటే సుమా, నిజంగా అని నొక్కి చెప్పడం. మనుజుడే సుమా నీతిపరుడు. దాన్ని “మనుజుఁడె”కి అంటించి చదివించండి, పోయే అర్థం రాదు.

అట్టాగే “ఎప్పుడు సంపద” పద్యంలో “తెప్పలుగ చెరువు నిండిన”. సముద్రం ఒడ్డు ఊళ్ల పిల్లలకి తెప్ప అంటే చేపల వేటకు పోయే తెప్ప. చెరువులో తెప్పలు తిరిగాయి కాబట్టి కప్పలొచ్చాయని ముచ్చటగా చెప్తారు. తెప్పలుగా అంటే నిండా, సమృద్ధిగా. కొన్ని ప్రతుల్లో “దెప్పలుగ” అని ఉంటుంది. పై పాదం “అన్నన్” అని ద్రుతంతో ముగిసింది కాబట్టి త కి ద వచ్చింది. రెండూ చూసి పిల్లవాడు అచ్చుతప్పు అనుకుంటాడు, కాదని చెప్పండి.

కావలి (తెలుగు టీచరు):
చాలా ఉపకారం చేశారు అందరూ. అరసున్నల సంగతి తేల్చండి. వేమన పద్యాలకి ఈ బాధ లేదెందుకు?

ఒంగోలు (విశ్రాంత భాషా పండితుడు):
అరసున్న ఉంచండమ్మా. పలకక్కర్లేదు, ముక్కుతో అనిపించొద్దు. ఈ పద్యంలో అది ‘ఇక్కడ ఒక న్ ఉండేది, వెనక మాట మొదటి అక్షరం మారింది’ అని చెప్పే గుర్తు. “మోహరమునఁ దా” అని ఉంటే ద ని త గా తిప్పి చూసుకోవచ్చు. తీసేసి “మోహరమున దా” అని ఇచ్చారో, ‘ఇట్టా దా’ తప్ప ఇంకో అర్థం తట్టదు. ఈ పద్యంలో మూడే అరసున్నలు: మోహరమునఁ, ఎక్కినఁ, వలయుఁ. మూడింటి వెనకా మారిన అక్షరాలు ద, బ, గ. మూడు చోట్లా గుండ్రంగా చుట్టించి, తిరగేసి రాయించండి: త, ప, క. అర గంట పని.

కోవూరు (ఛందస్సు):
వేమన్నవి ఎక్కువ ఆటవెలదులు. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి) ఒక పాదం. ఐదూ సూర్యగణాలే తర్వాతి పాదం. సూర్యగణం మూడు మాత్రలే, మన చిన్న మాటలకి సరిపోతుంది. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు: గణం ఒకటి, మాట ఒకటి. తెగే చోట్లు తక్కువ కాబట్టి నోటికి తొందరగా పడుతుంది. చిన్న తరగతులకు ఆటవెలది ముందు, కందం తర్వాత అనేది అందుకే.

అయినా అక్కడా ఉచ్చులున్నాయి. “కప్పురంబు నొక్క పోలిక నుండు” అన్నచోట నొక్కడం లేదు, “కప్పురంబును ఒక్క”. “పోలిక నుండు” ‘పోలిక నుండి’ కాదు, “పోలికన్ ఉండు”. అన్నిటికన్నా పెద్దది చివరి పాదం. “వినుర వేమ” అని ర పొట్టిగా ఉండాలి. పిల్లలంతా, పెద్దలు కూడా, “వినురా వేమా” అంటారు. వినుర అంటే మూడు లఘువులు, సూర్యగణం. వినురా అనగానే నాలుగు మాత్రలై గణం చెడుతుంది. వేమ దగ్గర రాగం సాగిస్తే ఎవరూ ఏమీ అనరు, పద్యం అయిపోయింది కదా. ర దగ్గర సాగదీస్తే ఛందస్సు తెలిసిన న్యాయనిర్ణేత మార్కు కోసేస్తాడు.

పొదిలి:
“చూడ చూడ రుచుల జాడ వేరు”లో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) ఎట్టా కుదిరింది సార్? చూ కి జా కి అచ్చు కలవలేదే?

కోవూరు (ఛందస్సు):
అది ప్రాసయతి. మొదటి గణంలో చూడ, నాలుగో గణంలో జాడ, రెంటి రెండో అక్షరమూ డ. ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి వేయొచ్చు. కందంలో వేయకూడదు, అక్కడ ప్రాస (ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవడం) ఉండనే ఉంది: అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు. పిల్లవాడు పాదం మరిచిపోతే ఈ క్క అందించండి, తర్వాతి పాదం దొరుకుతుంది.

కావలి (తెలుగు టీచరు):
సరే సార్. కాగితం ఒక పక్క పాదాల ప్రకారం అరసున్నలతో, రెండో పక్క ఊపిరి ప్రకారం నాలుగు ముక్కలుగా అచ్చేయిస్తాను. “దానెక్కినఁ” కలిపే వేయిస్తాను.

ఒంగోలు (విశ్రాంత భాషా పండితుడు):
వేయించే ముందు ప్రూఫు ఒకసారి గుంపులో పెట్టండి. డీటీపీలో అరసున్న నిండు సున్న అయిపోతుంటుంది. “ఎక్కినం బారని” అని పడితే నాలుగు మాత్రలుండాల్సిన గణం ఐదవుతుంది.