ఎయిర్ గన్ స్కోప్ గురి కుదరడం లేదు: తప్పు మౌంటుదా, మనిషిదా?

అచ్చంపేట రైతు:
నాది 4.5 మి.మీ. స్ప్రింగు ఎయిర్ గన్, గొట్టం విరిచి గుండు పెట్టే రకం. 4×32 స్కోపు (నాలుగు రెట్లు పెద్దది చేసి చూపేది), దాన్ని గన్నుకు పట్టి ఉంచే మౌంటుకు రెండు రింగులు. పది మీటర్లలో గురి సరిచేస్తే ముప్ఫై మీటర్లలో గుండ్లు కుడివైపు, కిందికి పడుతున్నాయి. ముప్ఫైలో సరిచేస్తే పదిలో ఎడమకు పోతున్నాయి. స్కోపు గురిని పైకి తిప్పే మర ఆఖరిదాకా వచ్చేసింది, ఇక తిరగదు. అమ్మిన దుకాణంవాళ్లు నా చేయి వణుకుతోందని తేల్చేశారు. తెలిసినవాళ్లు చెప్పండి, తప్పు ఎవరిది?

జడ్చర్ల మెకానిక్:
బిగింపుదే. ఇందులో రెండు జబ్బులు కలిసిపోయాయి. విరిచే గన్నుల్లో గొట్టం చాలాసార్లు కీలు దగ్గర కాస్త కిందికి వాలి కూర్చుంటుంది. స్కోపు ఉండేది గొట్టం మీద కాదు, వెనక సిలిండరు మీద. స్కోపు తిన్నగా చూస్తుంటే గొట్టం నేల చూపులు చూస్తుంది. మీ మర అయిపోయింది అందుకే. మర ఆఖరికి వచ్చిందంటే లోపలి స్ప్రింగుకు బిగువు ఉండదు, ఆపైన దెబ్బదెబ్బకూ గురి జరుగుతుంది. ఇక ఎడమ కుడి సంగతి. స్కోపు పక్కకు ఒరిగి ఉంది, లేదా మౌంటు గాడిలో వంకరగా పట్టుకుంది. రింగులు వదులు చేసి, మర టోపీ మీద చిన్న రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు వచ్చాక స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

పానగల్లు పంతులు:
రోగి మొహం చూడకుండానే ఆపరేషన్‌కు తయారైపోయారు. స్ప్రింగు గన్ను పట్టుకోవడం వేరే విద్య. లోపలి పిస్టన్ ముందుకు దూకేటప్పుడు గన్ను వెనక్కి తంతుంది, పిస్టన్ సిలిండరు చివర కొట్టుకోగానే మళ్లీ ముందుకు ఉలిక్కిపడుతుంది. గుండు గొట్టం దాటేలోగానే ఈ కదలిక మొదలవుతుంది. కొత్తవాళ్లు దాన్ని గట్టిగా పిసికి పట్టుకుంటారు. ఒక్కోసారి ఒక్కోలా పిసుకుతారు కాబట్టి గుండూ ఒక్కోచోటికి పోతుంది. అరచేయి తెరిచి, గన్నును దానిమీద ఊరికే ఆనించాలి. నేను పిల్లలకు మొదటి నెల నేర్పేది ఇదే. ఒలింపిక్స్‌లో 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన రైఫిళ్లకు స్కోపే లేదు. పది మీటర్ల పోటీలో దూరదర్శిని నిషిద్ధం. పది పాయింట్ల చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు. దాన్ని కొట్టేది మనిషి, మౌంటు కాదు.

మిర్యాలగూడ మిల్లు:
స్కోపు ఊడదీసి గొట్టం మీదున్న ఇనుప సైటుతో కొట్టి చూడు తమ్ముడూ. తేలిపోతుంది.

జడ్చర్ల మెకానిక్:
పంతులుగారూ, పోటీ రైఫిల్‌కు స్ప్రింగు తన్నుడు లేదు. అది గాలి నింపిన సీసాతో నడుస్తుంది. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. చేయి తప్పయితే గుండ్లు చెల్లాచెదురు కావాలి. పదిలో ఎడమ, ముప్ఫైలో కుడి అని వరుస కట్టి పోవు.

పానగల్లు పంతులు:
పోలిక సంగతి తర్వాత. ముందు మీ రసమట్టం సంగతి చూద్దాం. చవక స్కోపుల్లో మర టోపీ ఒక తీరున, లోపలి గీతలు ఒక తీరున ఉంటాయి. టోపీ మీద బుడగ మధ్యలో ఉన్నంత మాత్రాన గీత నిలువుగా ఉన్నట్టా? మేస్త్రీల గుండుదారం పది మీటర్ల దూరాన వేలాడదీసి, స్కోపులోంచి చూస్తూ నిలువు గీతను దారంతో కలపాలి.

జడ్చర్ల మెకానిక్:
గీత దారంతో కలిసిందే అనుకోండి. అప్పుడు గన్ను నిటారుగా ఉందని ఎవరు చెప్పారు? గన్ను ఒరిగి, గీత నిటారుగా ఉంటే పక్క గురి మళ్లీ తప్పుతుంది. కావలసింది నిలువు గీత గొట్టం మధ్యగుండా పోవడం. మీ దారం ఆ మాట చెప్పదు.

పానగల్లు పంతులు:
గన్నును నిటారుగా పట్టుకోవడం కాల్చేవాడి పని అని మొదటి నుంచీ చెబుతున్నది ఎవరు? ఇంకో మాట. నా శిష్యుడి స్కోపును ఒక మెకానిక్ ఇలాగే "సరిచేస్తానని" అలెన్ కీతో బలమంతా పెట్టి బిగించాడు. రింగు కింద స్కోపు గొట్టం సొట్ట పోయింది. మర తిప్పితే ఇసుక నలిగిన చప్పుడు. డబ్బులడిగితే కంపెనీ లోపమన్నాడు. అప్పటి నుంచి మీవాళ్లంటే నాకు భయం.

జడ్చర్ల మెకానిక్:
ఒకడు సొట్ట పెడితే మెకానిక్కులందరూ దొంగలా? పోటీలప్పుడు మీ పిల్లల గన్నులో వాషరు పోతే మాకు ఫోను వస్తుంది. పని అయ్యాక టీ కూడా గేటు బయటే. అదీ రాయండి.

నిర్వాహకుడు:
ఇద్దరూ గన్ను దగ్గరికి రండి.

అచ్చంపేట రైతు:
మిల్లు అన్న చెప్పినట్టు ఇనుప సైటుతో కొట్టాను. ఇరవై మీటర్లలో గుండ్లన్నీ అగ్గిపెట్టెంత చోట పడ్డాయి. నా చేయి వణకడం లేదు పంతులుగారూ.

జడ్చర్ల మెకానిక్:
అయిపోయింది. ఇనుప సైటు రెండు కొసలూ గొట్టం మీదే ఉంటాయి, గొట్టం వాలినా వాటికి తెలియదు. స్కోపుకు తెలుస్తుంది. వెనక రింగు కింది సగంలో పలుచటి రేకు పెడితే సరి. కీలు మర, కర్రకు బిగించే స్క్రూలు కూడా వదులుగా లేవు కదా, చూసుకోండి.

పానగల్లు పంతులు:
సరే, చేయి బాగానే ఉంది. అయితే ఒకటి అడుగుతాను. పది మీటర్లలో గురి కుదిరింది, ఇరవైలో ఇనుప సైటు చాలింది. ముప్ఫై ఎందుకు కావాలి? అచ్చంపేటలో ముప్ఫై మీటర్ల దూరాన ఏముంది?

అచ్చంపేట రైతు:
నా వేరుశనగ చేను ఉంది. అవతల అడవి ఉంది. ఊడలు దిగి కాయ పట్టే వేళకు అడవిపందులు వస్తాయి. సాళ్లు సాళ్లుగా పెళ్లగించి, కాయ తిని, తీగ అక్కడే పడేసి పోతాయి. నష్టపరిహారానికి దరఖాస్తు పెడితే ఫొటో లేదన్నారు, ఫొటో ఇస్తే పంది కనపడలేదన్నారు. మీకు పతకాలు లెక్క, నాకు పంట లెక్క.

పానగల్లు పంతులు:
నేను అనుకున్నదే. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ శక్తి 20 జౌల్స్ దాటకూడదు. అది పందిని చంపదు. చర్మం కింద సీసం దిగి, చీము పట్టి, ఎప్పుడో ఏ తుప్పలోనో చస్తుంది. ఈలోగా ఆ గాయపడ్డ పంది కలుపు తీయడానికి వచ్చిన కూలిమనిషి మీద పడితే? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు ఎలాగూ ఉంటుంది. ఇంత తెలిసీ ఈ మెకానిక్ రేకు పెట్టమంటున్నాడు!

జడ్చర్ల మెకానిక్:
గురి ఎందుకు తప్పిందని అడిగారు, చెప్పాను. కత్తి సానపట్టేవాడు కూర దేనితో వండుతారని అడుగుతాడా?

పానగల్లు పంతులు:
అడగాలి. మీకూ నాకూ తేడా అక్కడే ఉంది, రసమట్టంలో కాదు.

అచ్చంపేట రైతు:
చంపుతానని ఎక్కడ రాశాను? తగిలితే మంద బెదిరి పోతుంది, మళ్లీ రాదు. కరెంటు తీగ పెట్టి మనుషుల్ని చంపుతున్నవాళ్లకంటే నేను మేలు కాదా? టపాసులకు అలవాటు పడ్డాయి, చీరల కంచె దాటాయి. రాత్రంతా మంచె మీద కూర్చునేది మీరా?

కల్వకుర్తి అమ్మ:
ఆ బాధ మాకూ ఉంది నాయనా. మేము సోలారు కంచె వేశాం. బ్యాటరీతో ఆగి ఆగి షాకు కొడుతుంది, ప్రాణం తీయదు. ఖర్చు ఇద్దరం రైతులం పంచుకున్నాం. గట్టు వెంట గడ్డి తగిలితే పని చేయదు, కోస్తూ ఉండాలి.

జడ్చర్ల మెకానిక్:
రైతన్నా, ఆగండి. పందులు వచ్చేది రాత్రి కదా? 4×32 స్కోపులో చీకట్లో పంది సంగతి సరే, గీతలే కనపడవు. నేను రేకు పెట్టి ఇచ్చినా మీరు కొట్టేది చప్పుడు వచ్చిన వైపే. ఆ వైపు మీలాగే కాపలా ఉన్న మనిషి ఉండవచ్చు.

పానగల్లు పంతులు:
ఈ మాట మొదటే అని ఉంటే సగం తగువు తప్పేది.

జడ్చర్ల మెకానిక్:
మీరు ముప్ఫై మీటర్లు ఎందుకని మొదటే అడిగి ఉంటే మిగతా సగం.

అచ్చంపేట రైతు:
అమ్మా, ఆ కంచె ఎకరానికి ఎంత పడింది? ఫోను నంబరు లోపలి సందేశంలో పెట్టండి.

మిర్యాలగూడ మిల్లు:
నేను పెరట్లో డబ్బాలే కొడతాను, పందులు లేవు. నా గన్నూ కిందికే కొడుతోంది. రేకు ఎంత మందం?

జడ్చర్ల మెకానిక్:
రింగుల మధ్య 100 మి.మీ. ఉంటే 0.1 మి.మీ. రేకు ఇరవై మీటర్లలో దెబ్బను 2 సెం.మీ. పైకి లేపుతుంది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ఇంచుమించు ఆ మందమే. మూడు పొరలు దాటితే స్కోపు గొట్టం వంగుతుంది, అప్పుడు రేకు మాని వాలు మౌంటు కొనండి. మరలు రెండూ మధ్యకు తెచ్చాకే మొదలుపెట్టాలి. రింగులు బిగించేముందు రసమట్టం

పానగల్లు పంతులు:
గుండుదారం.