వెయ్యి ఆవులున్న ఆసామికి పరిహారంలో లిమిట్ ఉండాలా, వద్దా?

అమరిల్లో_తెలుగోడు:
2024 ఫిబ్రవరి 26న అమెరికాలో మా టెక్సాస్ ఉత్తర కొసన, పాన్‌హ్యాండిల్ అంటారు, అక్కడ స్మోక్‌హౌస్ క్రీక్ అనే కార్చిచ్చు మొదలై పది లక్షల ఎకరాలకు పైగా తగలబడింది. హెంఫిల్ కౌంటీ లాంటి చోట్ల మందలకు మందలే పోయాయి. చచ్చిన పశువుకు మార్కెట్ ధరలో 75 శాతం ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది, ఎల్‌ఐపీ (లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్) అంటారు దాన్ని. రైతు ప్రీమియం కట్టేది లేదు. పైగా ఒక్కొక్కరికి ఇంతకు మించి ఇవ్వం అనే లిమిట్ 2018లో ఎత్తేశారు. నాకు మింగుడు పడనిది అదే. వెయ్యి ఆవులున్నవాడు ఇన్సూరెన్స్ కట్టుకోలేడా?

మున్నేరు_ఒడ్డు:
అన్నా, లిమిట్ ఉంటే ఎలా ఉంటుందో మమ్మల్ని అడుగు. 2024లో ఇక్కడ మన దేశంలో ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సాయం నిధి) లెక్కలో పాడి గేదెకు 37,500 రూపాయలు, గొర్రెకు 4,000. అదీ ఇంటికి 3 గేదెలో 30 గొర్రెలో, అంతవరకే. మా బాబాయికి వందకు పైగా గొర్రెలు, 2024 సెప్టెంబర్ వరదలో సగం పైన పోయాయి. చూడ్డానికి వచ్చిన సారు కళేబరాలు ఏవి అన్నాడు. ఏట్లో కొట్టుకుపోయినవాటిని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తాం?

పొదుగు_డాక్టర్:
నేను పశువుల డాక్టర్‌ని. పేపర్లో చచ్చినవాటి లెక్కే వస్తుంది. మంటలో బతికి బయటపడ్డ ఆవు దగ్గరికెళ్లి చూడండి, నిలబడే ఉంటుంది, మేత కూడా తింటుంది, కానీ పొదుగు కాలి చనుమొనలు అతుక్కుపోయి ఉంటాయి. దూడ వచ్చి మూతి పెడితే తన్నేస్తుంది. కొన్నింటికి రెండు మూడు వారాలకు గిట్టలు ఊడిపోతాయి, ఇక తుపాకీతో కాల్చి చంపడమే. పైగా ఫిబ్రవరి అంటే చాలా ఆవులు నిండు చూలుతో ఉంటాయి. అప్పటి రూల్ ప్రకారం కడుపులో దూడకు పైసా లేదు, 2025 చట్టం వచ్చాకే అది చేర్చారు.
ఇంకోటి, ఏడాది సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవాడికి అప్పట్లో ఈ సాయమే లేదు. లిమిట్ లేదు కాబట్టి కోటీశ్వరులకు పంచిపెట్టారు అనుకుంటే, అది సగం మాటే.

అమరిల్లో_తెలుగోడు:
డాక్టర్ గారూ, దూడల సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. మరి కరువు వచ్చి గడ్డి ఎండితే ఇచ్చే డబ్బుకు ఏడాదికి 1,25,000 డాలర్ల లిమిట్ ఉందిగా? అక్కడ ఉన్నది ఇక్కడ ఎందుకు లేదు?

పొదుగు_డాక్టర్:
కరువు నెలల తరబడి కళ్ల ముందే వస్తుందండీ. ధర తక్కువైనా సగం మందను ముందే అమ్ముకోవచ్చు. మంట మధ్యాహ్నం కనిపిస్తే సాయంత్రానికి అయిపోతుంది, అమ్ముకునేది ఎప్పుడు? ఇక వెయ్యి ఆవులున్నవాడి సంగతికొస్తే, గాలి తిరిగి మంట పక్క కంచె దాటితే చిన్న రైతూ పెద్ద రైతూ ఒకే గంటలో మునుగుతారు.

అమరిల్లో_తెలుగోడు:
సరే, మంటకు లిమిట్ వద్దు, కనీసం మొదటి రెండొందల ఆవులకు 75 ఇచ్చి ఆపైన శాతం తగ్గించొచ్చుగా. నా మాట నేను పూర్తిగా వెనక్కి తీసుకోను.

మున్నేరు_ఒడ్డు:
మీరు శాతాల దగ్గర కొట్టుకోండి గానీ, అక్కడ కళేబరం దొరక్కపోతే ఏం అడుగుతారు?

పొదుగు_డాక్టర్:
తేదీ ఉన్న ఫొటోలు, కొన్న రసీదులు, టీకాల రికార్డు, పక్కవాళ్ల సాక్ష్యం.

మున్నేరు_ఒడ్డు:
రసీదా! మా సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు డాక్టర్ గారూ.